బొరియ ద్వారం మూసుకున్న టారంటులాను తవ్వి చూడవచ్చా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. కాళ్లు చాస్తే పది సెంటీమీటర్ల దాకా వచ్చే కొబాల్ట్ బ్లూ టారంటులాను (ఒంటి నిండా రోమాలుండే పెద్ద సాలీడును) తెచ్చి, అడుగున ఎనిమిది సెంటీమీటర్ల మందాన కొబ్బరి పొట్టు పరిచిన నిలువు గాజు పెట్టెలో ఉంచారు. మొదట్లో అది ఒక మూల గుంట చేసుకుని రాత్రిళ్లు కనిపించేది. మూడు వారాల క్రితం ఆ గుంట నోటిని మట్టితోనూ దారంతోనూ మూసేసుకుంది. మీరు వేసిన కీచురాళ్లు పైన అలాగే తిరుగుతున్నాయి. అది బతికే ఉందో లేదో తవ్వి చూడాలా, చలికి ముడుచుకుందేమోనని అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని చాప) పెట్టాలా, అసలు ఈ పెట్టె దానికి సరిపోదా అన్నవి మీ మూడు సందేహాలు.

తవ్వవద్దు. హీట్ మ్యాట్ పెట్టవద్దు. పెట్టె మార్చవలసిందే కానీ ఇప్పుడు కాదు. ఈరోజు చేయవలసిన పనులు రెండే: లోపల తిరుగుతున్న కీచురాళ్లను ఒక్కటి కూడా మిగలకుండా బయటికి తీసేయండి, నీళ్ల గిన్నె నింపి, బొరియకు దూరంగా ఉన్న మూలలో మట్టి కింది దాకా దిగేలా నెమ్మదిగా కొంచెం నీరు పోయండి. ఆ తరువాత దాన్ని దాని మానాన వదిలేయండి.

ద్వారం మూసుకోవడానికి అన్నిటికంటే సాధారణమైన కారణం కుబుసం విడవడం. సాలీడుకు లోపల ఎముకలు ఉండవు, బయటి గట్టి పొరే దాని అస్థిపంజరం. పెరగాలంటే ఆ పొరను మొత్తంగా వదిలేయాలి. కాళ్లు, కోరలు, రోమాలతో పాటు పుస్తకాకార ఊపిరితిత్తుల పొరలు, జీర్ణనాళంలో ముందు భాగపు పొర కూడా ఊడి వస్తాయి. ఆ గంటల్లో అది సాధారణంగా వెల్లకిలా పడుకుని ఉంటుంది, కరవలేదు, పరుగెత్తలేదు. కొత్తగా వచ్చిన కోరలు మొదట తెల్లగా, మెత్తగా ఉండి, తరువాత ఎరుపెక్కి, చివరికి నల్లబడతాయి. అప్పటి దాకా ఒక మామూలు కీచురాయి కూడా దాని మెత్తని ఒంటిని కొరికి చంపగలదు. బొరియ జాతులు ద్వారం మూసుకునేది ఈ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికే. కీచురాళ్లను ముందు తీయమన్నదీ అందుకే.

ఇది ఎంతకాలం సాగుతుందన్నది వయసును బట్టి మారుతుంది. చిన్న పిల్లలు కొద్ది రోజులు మూసుకుని బయటికి వస్తాయి. పెద్ద ఆడవి వారాలు, ఒక్కోసారి నెలలు కూడా తీసుకుంటాయి. నా దగ్గరున్న ఒక పెద్ద చైలోబ్రాకిస్ (ఇదీ బొరియల్లో బతికే ఆసియా టారంటులాయే) ఆడది కుబుసానికి ముందు ఎప్పుడూ చాలాకాలం కనిపించకుండా పోతుంది, ఆ తరువాత ఒక ఉదయం బొరియ నోటి దగ్గర పాత చర్మం నలిగిన ముద్దగా పడి ఉంటుంది. ద్వారం మూసుకునే ముందు మీ సాలీడు ఉదరం గుండ్రంగా, నిండుగా ఉందా అన్నది గుర్తు చేసుకోండి. నిండుగా ఉండి ఉంటే మూడు వారాలు తినకపోవడం దానికి లెక్కలోకి రాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద టారంటులా నీరు అందుబాటులో ఉంటే నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు.

తవ్వితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "కొంచెం చూసి మళ్లీ మూసేస్తాను" అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మొదటిది, కొబ్బరి పొట్టులో చేసుకున్న బొరియ ఒక వైపు కదిపితే మొత్తంగా కూలుతుంది, కింద అది వెల్లకిలా పడి ఉంటే ఆ మట్టి దాని మీదే పడుతుంది. రెండవది, టారంటులా కాళ్లను చాచేది కండరాలతో కాదు, లోపలి ద్రవపు ఒత్తిడితో. కుబుసం విడుస్తున్నప్పుడు కాళ్లను పాత చర్మం నుంచి లాక్కునేదీ ఆ ఒత్తిడితోనే. మధ్యలో కదిలిస్తే ఒక కాలు లోపలే ఇరుక్కుపోవచ్చు, లేదా మెత్తని చర్మం చిరిగి ఆ ద్రవం కారిపోవచ్చు. కాలు పోతే తరువాతి కుబుసాలలో మళ్లీ వస్తుంది. ఉదరం చిరిగితే బతకడం కష్టం.

తవ్వకుండానే తెలుసుకునే గుర్తులు ఉన్నాయి. బొరియ గాజు గోడను ఆనుకుని ఉంటే రాత్రి మసక వెలుతురులో ఆ వైపు చూడండి. ద్వారం మీద దారం కొత్తగా తెల్లగా కనిపించినా, మట్టి ఉండలు స్థలం మారినా అది బతికి ఉన్నట్టే. ఇక్కడ కొత్తవారు పదేపదే పొరబడే విషయం ఒకటుంది. వెల్లకిలా పడి ఉన్న టారంటులా చచ్చినది కాదు, కుబుసం విడుస్తున్నది. నిజంగా ప్రమాదంలో ఉన్నది వెల్లకిలా పడకుండా, వీపు పైకే ఉండి, కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుంటుంది. నీటి లోపం వల్ల గానీ మరణం దగ్గరపడడం వల్ల గానీ లోపలి ఒత్తిడి పడిపోతే కాళ్లు చాచే శక్తి పోయి ఆ ముడత వస్తుంది. అలా ముడుచుకున్నది బొరియ బయట కనిపిస్తే వెంటనే దాని నోరు నీటి అంచును తాకేలా తక్కువ లోతు గిన్నె దగ్గర ఉంచాలి. ఊపిరితిత్తుల రంధ్రాలు ఉదరం అడుగున ఉంటాయి కాబట్టి ఉదరం నీటిలో మునగకూడదు.

తవ్వవలసిన పరిస్థితులు లేకపోలేదు, కానీ అవి అరుదు. నీళ్లు ఒలికి పెట్టె అడుగున నిలిచిపోయినా, చీమలు దారి కట్టి లోపలికి వెళ్తున్నా, కుళ్లిన వాసన స్పష్టంగా వస్తున్నా, బొరియ నోటి చుట్టూ గూని వీపు చిన్న ఈగలు గుంపుగా ముసురుతున్నా ఆగకుండా తెరవండి. చచ్చిన టారంటులా వాసన మామూలుది కాదు, ఒకసారి వచ్చిందంటే అనుమానం మిగలదు.

ఇక పెట్టె సంగతి. నా దృష్టిలో మీ అసలు సమస్య ఇదే, కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కొబాల్ట్ బ్లూ మయన్మార్, థాయ్‌లాండ్ ప్రాంతాల నేలలో లోతైన బొరియలు చేసుకుని బతికే జాతి. 1996లో హాప్లోపెల్మా లివిడం అన్న పేరుతో వర్ణించారు, తరువాత సైరియోపాగోపస్ ప్రజాతిలోకి మార్చారు. సమాచారం వెదికేటప్పుడు రెండు పేర్లతోనూ వెదకండి, లేకపోతే సగం అనుభవాలు మీకు దొరకవు. చెట్లెక్కే జాతుల కోసం చేసిన నిలువు పెట్టెలను అలాగే తీసుకుని అడుగున కాస్త మట్టి పోయడం బొరియ జాతుల విషయంలో రెండు విధాల చెడ్డది. లోతు లేకపోవడంతో అది లోపలికి దిగలేక ఎప్పుడూ బెదిరి ఉంటుంది. పైన ఖాళీ ఎక్కువ ఉండడంతో గాజు ఎక్కి పడితే ఉదరం పగులుతుంది. బరువైన ఉదరమున్న ఈ సాలీళ్లకు కొద్దిపాటి ఎత్తు నుంచి పడడం కూడా ప్రాణాంతకం కావచ్చు.

అయితే మీ నిలువు పెట్టెను పారేయనక్కర లేదు. దాన్నే మూడు వంతుల దాకా మట్టితో నింపితే చక్కని బొరియ పెట్టె అవుతుంది. నేను పాటించే కొలతలు ఇవి. పెద్ద సాలీడుకు మట్టి కనీసం ఇరవై సెంటీమీటర్ల లోతు ఉండాలి, ముప్పై ఉంటే ఇంకా మంచిది. మట్టి పైభాగం నుంచి మూత వరకు ఉన్న ఖాళీ, కాళ్లు చాచిన కొలతకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మీ సాలీడుకైతే పదిహేను సెంటీమీటర్లకు మించవద్దు. నేల వైశాల్యం గురించి అంత ఆందోళన అక్కరలేదు. ఈ జాతికి నడిచే చోటు కంటే దిగే చోటు ముఖ్యం.

మట్టి దేనితో చేయాలన్నది లోతు అంత ముఖ్యమైన ప్రశ్న. ఒట్టి కొబ్బరి పొట్టు తేలికగా, శుభ్రంగా ఉంటుంది, కానీ ఎండినప్పుడు కుంచించుకుని గోడల నుంచి విడిపోతుంది, బొరియ ఆకారాన్ని నిలబెట్టదు. నేను ఎరువులు గానీ పురుగు మందులు గానీ కలవని పైమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు తీసుకుని, కొద్దిగా బంకమట్టి పొడి కలుపుతాను. గుప్పెడు తీసి పిండితే ముద్దగా నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకూడదు. ఆ తేమ దగ్గర దాన్ని పొరలు పొరలుగా పోస్తూ ప్రతి పొరనూ అరచేత్తో గట్టిగా అదమాలి. మొదటిసారి చేసేవారు ఇంత గట్టిగా ఉంటే తవ్వలేదేమో అని భయపడతారు. నిజానికి వదులు మట్టిలోనే అది తవ్వలేదు, ఎందుకంటే తవ్వింది తవ్వినట్టు కూలిపోతుంది. గట్టి మట్టిని అది కోరలతో పెళ్లగించి, దారంతో ఉండలు కట్టి, ఒక్కొక్కటిగా బయటికి మోసుకొస్తుంది. రాత్రి పూట కదలకుండా కూర్చుని ఆ పని చూడగలిగితే ఈ జాతిని పెంచినందుకు దక్కే గొప్ప ఫలం అదే అంటాను.

మట్టి నింపాక ఒక అంచున, గాజు గోడను ఆనుకుని, బొటనవేలు కంటే కొంచెం లావైన కర్రతో ఏటవాలుగా సగం లోతు దాకా రంధ్రం చేసి, దాని మీద వంపు తిరిగిన బెరడు ముక్క ఒకటి పెట్టండి. చాలాసార్లు సాలీడు ఆ రంధ్రాన్నే స్వీకరించి లోతు చేసుకుంటుంది. గాజును ఆనుకుని ఉన్న వైపుకు బయటి నుంచి నల్ల కాగితం అంటిస్తే, అది చీకటిగా భావించి అక్కడే గది చేసుకునే అవకాశం ఎక్కువ. మీరు చూడాలనుకున్నప్పుడు కాగితం కాసేపు ఎత్తవచ్చు. తవ్వాలన్న కోరిక కలగకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

తేమ విషయంలో ఒకే ఒక సూత్రం: కింద తేమ, పైన పొడి. మూత లోపల నీటి బిందువులు పట్టి ఉండేలా పిచికారీ చేయడం చాలా పుస్తకాలలో, అమ్మేవారి కాగితాలలో కనిపించే సలహా. గాలి ఆడని తడి పెట్టెలో బూజు పెరుగుతుంది, చిన్న పురుగులు పెరుగుతాయి, సాలీడు పైకి వచ్చి గోడలెక్కి కూర్చుంటుంది. దానికి బదులు నింపేటప్పుడే ఒక మూలలో సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని అడుగు దాకా నిలబెట్టి ఉంచితే, పది పదిహేను రోజులకొకసారి దాని గుండా నీరు పోయవచ్చు, పైమట్టి పొడిగానే ఉంటుంది. సాలీడు తనకు కావలసిన తేమ ఎక్కడుందో ఆ లోతును వెదుక్కుంటుంది. గాలి కోసం రెండు ఎదురెదురు గోడలలో మట్టికి పైన రంధ్రాలు ఉండాలి, మూత మీద జాలీ ఒక్కటే ఉంటే గాలి సరిగా తిరగదు. నీళ్ల గిన్నెలో స్పాంజ్ వేయవద్దు, అది మురికిని దాచడం తప్ప చేసేదేమీ లేదు. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న చిన్న పురుగులను కొన్ని వదిలితే బూజును తిని శుభ్రం చేస్తాయి, సాలీడుకు హాని చేయవు.

హీట్ మ్యాట్ ఎందుకు వద్దన్నానంటే, నేలలో బతికే ఈ ప్రాణికి ఎండ తగిలే పైభాగమే వేడి, లోతుకు పోయే కొద్దీ చల్లదనం. వేడి ఎక్కువైతే అది కిందికి దిగుతుంది. అడుగున మ్యాట్ ఉంటే, తప్పించుకోవడానికి దిగిన కొద్దీ మరింత వేడి తగులుతుంది, అడుగు మట్టి ఎండిపోతుంది కూడా. మీరు ఒట్టి చొక్కాతో ఇబ్బంది లేకుండా కూర్చోగలిగే గది, అంటే 20 నుంచి 28 డిగ్రీల సెల్సియస్, దీనికి సరిపోతుంది. గది నిజంగా చలిగా ఉంటే గదిని వేడి చేయండి, పెట్టెను కాదు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర గాజు పెట్టె పెట్టడం మాత్రం హీట్ మ్యాట్ కంటే ప్రమాదకరం.

తిండి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పెద్దదానికి వారం పది రోజులకొకసారి, దాని ఉదరం కంటే పెద్దది కాని కీచురాయి గానీ బొద్దింక గానీ చాలు. సంధ్య దాటాక బొరియ నోటి దగ్గర వదలండి. చూపు అంతంతమాత్రమైన ఈ సాలీడు కాళ్ల మీది సన్నని రోమాలతో, ద్వారం చుట్టూ పరిచిన దారాల కదలికతో ఎరను పసిగడుతుంది. ఇరవై నాలుగు గంటల్లో తినకపోతే తీసేయాలి. మట్టిలో దూరే మీల్‌వార్మ్‌లను (ఎరగా వాడే ఒక రకం పురుగు లార్వాలను) వేస్తే ముందు తల నలిపి వేయాలి, లేకపోతే అవి కిందికి పోయి కుబుసం సమయంలో తేలుతాయి. బయట పట్టిన పురుగులను ఎప్పుడూ వేయవద్దు, వాటి ఒంట్లో ఏ పురుగు మందు ఉందో చెప్పలేం. ఇంట్లో కుక్కలకూ పిల్లులకూ ఒంటి మీది పురుగుల మందు పూసిన చేతులతో పెట్టెలో పని చేయడం, అదే గదిలో దోమల మందు కొట్టడం కూడా అంతే ప్రమాదం. నాకు తెలిసిన ఒకరి ఇంట్లో ఎంతకాలం వెదికినా కారణం దొరకని వరుస మరణాలు చివరికి అలాంటి మందు దగ్గరే తేలాయి.

కుబుసం తరువాత అది ద్వారం తెరిచినా వెంటనే తిండి వేయవద్దు. పెద్దదైతే కనీసం పది పదిహేను రోజులు ఆగి, కోరలు నల్లబడ్డాయని చూసి మొదటి ఎర వేయండి. రెండు మూడు సార్లు మామూలుగా తిన్న తరువాతే పెట్టె మార్చండి.

మార్చే పద్ధతి ముఖ్యం, ఎందుకంటే ఇది చేతిలోకి తీసుకునే జాతి కాదు. అమెరికా ఖండాల టారంటులాలు చాలావరకు ఉదరం మీది దురద రోమాలను విసిరి తమను కాపాడుకుంటాయి. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ రోమాలు లేవు. వాటికి ఉన్నవి వేగమూ కోరలూ మాత్రమే, విషమూ ఎక్కువ బలమైనది. కరిస్తే తీవ్రమైన నొప్పి, వాపు, కొందరికి గంటలు గానీ రోజులు గానీ కండరాలు పట్టేయడం జరుగుతాయి. టారంటులా కాటు వల్ల మనిషి చనిపోయినట్టు రుజువైన ఘటనలు లేవు, అయినా ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఒళ్లంతా పట్టేయడం వంటివి కనిపిస్తే ఆలోచించకుండా వైద్యుని దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో కుక్క ఉంటే మరింత జాగ్రత్త: ఆస్ట్రేలియా టారంటులాలు కరిచిన కుక్కలు కొద్ది గంటల్లోనే చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి.

నేను చేసేది ఇలా. రాత్రి అది బొరియ బయటికి పూర్తిగా వచ్చినప్పుడు గట్టి అట్టముక్కతో వెనుక ద్వారాన్ని మూసి, పారదర్శకమైన డబ్బాను దాని మీద బోర్లించి, కింద నుంచి అట్టను జరుపుతాను. ఇదంతా ఎత్తు గోడలున్న పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో, నేల మీదే, తలుపు మూసిన గదిలో జరగాలి. ముప్పై సెంటీమీటర్ల పొడవు పట్టుకారు, మెత్తని కుంచె చేతిలో ఉంటే చాలు. కుంచెతో వెనుక కాళ్లను తాకితే ముందుకు కదులుతుంది; ముందు కాళ్లను తాకితే లేచి నిలబడి కోరలు చూపుతుంది. అలా చూపినప్పుడు ఆపి పది నిమిషాలు వదిలేయండి. పనిని తొందరగా ముగించాలనుకునేవారి దగ్గరే సాలీళ్లు తప్పించుకుంటాయి.

మీరు అడగలేదు కానీ, ఇది అడవిలో పట్టినదా, పెంపకంలో పుట్టినదా అని అమ్మినవారిని కనుక్కోండి. అడవిలో పట్టినవాటిలో పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ. నోటి చుట్టూ తెల్లని ముద్ద కనిపించి, తిండి మానేసి, ఎప్పుడూ నీళ్ల గిన్నె దగ్గరే నిలబడితే అది నులిపురుగుల వ్యాధి కావచ్చు; అప్పుడు దాన్ని మిగతావాటికి దూరంగా ఉంచి, పనిముట్లు కూడా వేరు చేయాలి.

మగదా ఆడదా అన్నది కూడా ఈ కుబుసంతో తేలుతుంది. ఊడిన చర్మాన్ని పారేయకుండా తీసి, ఆరకముందే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఉదరం భాగాన్ని మెల్లగా విప్పండి. లోపలి వైపు, ముందు జత ఊపిరితిత్తుల గుర్తుల మధ్య, చిన్న మడత లేదా తిత్తి కనిపిస్తే ఆడది. మగదైతే పరిణతి వచ్చాక బొరియ వదిలి రాత్రంతా పెట్టెలో తిరుగుతుంది, ఆ తరువాత దాని జీవితం సాధారణంగా నెలల్లోనే ముగుస్తుంది. అలా తిరగడాన్ని పెట్టె నచ్చకపోవడంగా పొరబడి మట్టి మార్చవద్దు. ఆడదైతే పదిహేను ఇరవై ఏళ్లు మీతో ఉండవచ్చు. బొరియ జీవితం ఎంత నెమ్మదిదో చెప్పడానికి టారంటులా కాకపోయినా దాని దూరపు బంధువు ఒకటి ఉంది: పశ్చిమ ఆస్ట్రేలియాలో పరిశోధకులు 1974 నుంచి గమనించిన, 16వ నంబరుగా పిలిచిన ఒక ట్రాప్‌డోర్ సాలీడు ఒకే బొరియలో 43 ఏళ్లు బతికి 2016లో చనిపోయింది.

ఈ జాతిని పెంచేవాళ్లు తాము మట్టి పెట్టెను కొనుక్కున్నామని తమలో తాము నవ్వుకుంటారు. రోజూ కనిపించే సాలీడు కావాలనుకుంటే ఇది సరైన ఎంపిక కాదు. బయట కూర్చునే నేల జాతులు వేరే ఉన్నాయి. ఉంచుకోవాలనుకుంటే మాత్రం పైన చెప్పిన మట్టిని ఇప్పుడే కలిపి, తేమ సరిచూసి, స్ప్రింగ్‌టెయిల్స్ వేసి పక్కన సిద్ధంగా ఉంచండి. అది ద్వారం తెరిచి, కోరలు గట్టిపడి, మళ్లీ తినడం మొదలుపెట్టే సరికి ఆ మట్టి కుదురుకుని ఉంటుంది.